కొట్టివేత

సార్‌బ్రూకెన్ శాసనసభలో
ఇరవై ఆరేళ్ళు నేను ఇతరుల మాటలు రాశాను.
పది నిమిషాలు రాయడం, లేచిపోవడం,
నా కుర్చీ వేడి ఆరకముందే ఇంకొకరు కూర్చోవడం.
యాభై ఒక్క మంది సభ్యులు.
కిటికీ పక్కన, రేడియేటరు వేడి అందని చోట
వెండెలిన్ టోమె.

అంతకు ముందు ఆయన పొగగొట్టాలు తుడిచేవాడు.
నల్ల కోటు, రెండు వరసల ఇత్తడి గుండీలు,
భుజానికి చుట్ట చుట్టిన తీగ బ్రష్షు.
చిమ్నీ తుడిచేవాడు ఎదురైతే శుభమని మా వైపు నమ్మకం.
గుండీ తాకితే ఏడాదంతా కలిసొస్తుందట.
పెళ్ళికూతుళ్ళు తాకారు.
లాటరీ టికెట్టు పిడికిట్లో దాచుకుని ముసలాళ్ళు తాకారు.
నా పరీక్ష రోజు మా అమ్మ
ఆయన వెనక వీధి చివరిదాకా నన్ను పరిగెత్తించింది.

ఇంటి గుట్టు పొయ్యికెరుక అంటే,
పొయ్యి గుట్టు ఆయనకెరుక.
ఎవరింట్లో కట్టెలు పచ్చివో,
ఎవరు అప్పు కాగితాలు తగలబెట్టారో,
నడి చలికాలంలో ఎవరు నిప్పు రాజెయ్యడమే మానేశారో.
ఒక్క ముక్క బయట పొక్కనివ్వలేదు.
అందుకే వోటేశారనుకుంటాను.

మొదటి ప్రసంగం నాలుగు నిమిషాలు.
హ్యూల్‌బాఖ్‌కి ఆదివారం కూడా బస్సు కావాలని.
(నవ్వులు) అని రాశాను. నవ్వారు మరి.
పదకొండేళ్ళకి బస్సొచ్చింది.
అప్పుడెవరూ నవ్వలేదు, ఎవరికీ గుర్తులేదు.

ఆ తర్వాత భూమి.
కింద బొగ్గు తవ్వేసిన ఖాళీ
ఒక శనివారం సాయంత్రం సర్దుకుని కూర్చుంది.
చర్చి శిఖరం నుంచి రాళ్ళు రాలాయి.
గొట్టాలు నిలువునా చీలాయి.
శాసనసభ్యుడు మళ్ళీ నిచ్చెన వేసుకుని
ఇల్లిల్లూ ఎక్కి పగుళ్ళలో వేళ్ళు పెట్టి కొలిచాడు.
గోరంత, బొటనవేలంత,
ఫ్రౌ లాక్నర్ ఇంట్లో చెయ్యి మొత్తం.

ఆయన తమ్ముడు ఆల్విన్ ఆ గనిలోనే.
ఎనిమిది వందల మీటర్ల లోతున,
రాత్రి షిఫ్టు.

గని మూసివేత మీద ఓటింగు నాడు
గ్యాలరీ నిండా కార్మికులు, ఒళ్ళో హెల్మెట్లు.
టోమె లేచాడు.
“నా తమ్ముడి జీతం ఆ గోతిలోంచి వస్తోంది.
నా ఊరి ఇళ్ళు ఆ గోతిలోకి పోతున్నాయి.
మూసెయ్యండి.”
కూర్చున్నాడు.
సొంత పార్టీ బల్లలు బల్లల్లాగే ఉండిపోయాయి.
పైన ఒక హెల్మెట్టు జారి కింద పడింది,
దొర్లింది, ఆగింది.

దానికి లఘులిపిలో గుర్తు లేదు.
నా చెయ్యి ఏం చేసిందో చూడండి:
(చప్పట్లు) అని రాసింది.
అలవాటో, జాలో.

ప్రతి ప్రసంగం ప్రతినీ సభ్యులకి పంపుతాం, సరిచూసుకోమని.
మంత్రులు తమ మాటలకి ఇస్త్రీ చేయించుకునేవాళ్ళు.
ఆయన అన్నేళ్ళలో కామా కూడా కదపలేదు.
ఆ ఒక్కసారి, ఆ ఒక్క మాట మీద పెన్సిలు గీత.
పక్కన చిన్న అక్షరాలు:
“రాలేదు. ఉన్నదే రాయండి, శ్రీమతి కీఫర్.”

అరవై ఒక్క వోట్ల తేడాతో ఓడిపోయాడు.
కొత్తాయన ఆ కుర్చీ ఎత్తు సరిచేసుకున్నాడు.
టోమె తిరిగి బ్రష్షు పట్టాడు.
గుండీలు తోముకునే వచ్చేవాడు,
జనమే చేతులు జేబుల్లోంచి తియ్యలేదు.
రొట్టెల దుకాణం దగ్గర అన్నని చూస్తే
ఆల్విన్ రోడ్డు దాటేవాడు, వానలో కూడా.

ఆయన పోయిన ఏడాదికి
ఒక ఆదివారం ప్రార్థన చేయించారు.
తర్వాత సత్రంలో కాఫీ, ఈస్టు కేకు.
మేకుకి ఆ నల్ల కోటు తగిలించి ఉంది,
ఎవరు తెచ్చారో.
దాని కింద కుర్చీలో ఆల్విన్.

గుండీ తాకాడని రాయాలని ఉంది.
తాకలేదు.
కప్పు పక్కన పెట్టి లేచి,
కోటు భుజం మీద ఏదో దులిపి
మళ్ళీ కూర్చున్నాడు.

ఆరుంబావుకి బస్సొచ్చింది.
ముగ్గురం ఎక్కాం.